సీసా వెనక పాట... పాట వెనక సీసా

పాశ్చాత్య దేశాల్లో పేరున్న ఆల్బమ్‌కి తోడుగా ఓ స్పెషల్ ఎడిషన్ వైన్ విడుదలవుతుంది. మన దేశంలో కథ తిరగబడింది. సీసా పేరు చెప్పడానికి పాటల సీడీని అడ్డం పెట్టుకున్నారు! ఈ రెంటికీ చాలా ముందు, పాటనూ మధువునూ ఒకే చోట కూర్చిన ఓ హైదరాబాదీ కవయిత్రి ఉంది. ఆమె జాగీరు మీదే ఇవాళ్టి ఉస్మానియా యూనివర్సిటీ నిలబడి ఉంది.

తార్నాక కూడలిలో బస్సు దిగి 'ఇక్కడ వైన్స్ ఎక్కడండీ' అంటే ఎవరైనా దారి చూపిస్తారు. తీరా వెళ్తే బోర్డు మీద ఉన్నంత పెద్దగా వైన్ లోపల ఉండదు. విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు... వీటన్నిటి మధ్య ఏ మూలనో నాలుగు ద్రాక్షసారా సీసాలుంటే ఉన్నట్టు. తెలుగువాడికి 'వైన్స్' అంటే కొట్టు పేరే తప్ప సరుకు పేరు కాదు. వైన్ షాపులో వైన్ అడిగేవాడే అరుదైన చోట, వైన్‌కీ పాటకీ పెళ్లి చేశారంటే నవ్వొస్తుంది.

కానీ ఆ పెళ్లి ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది. మన దగ్గరా జరిగింది, దొంగచాటుగా!

బాటిల్ మీద బ్యాండు

ఆస్ట్రేలియా రాక్ బృందం ఏసీ/డీసీ పాటలు వినని కుర్రకారు ఉండొచ్చుగానీ, ఆ పేరున్న టీషర్టు చూడనివాళ్లు తక్కువ. 2011లో ఆ బృందం వార్బర్న్ ఎస్టేట్ అనే వైన్ సంస్థతో చేతులు కలిపింది. 1980లో వచ్చిన తమ ఆల్బమ్ 'బ్యాక్ ఇన్ బ్లాక్' పేరుతో షిరాజ్ రకం ఎర్ర వైన్‌నీ, 1979 నాటి 'హైవే టు హెల్' పేరుతో క్యాబర్నే సావిన్యాన్‌నీ మార్కెట్లోకి వదిలింది. ఆల్బమ్ అట్ట మీదున్న బొమ్మల ఛాయలే సీసా లేబుల్ మీదా! అభిమాని తాగకపోయినా ఫర్వాలేదు, షోకేసులో పెట్టుకుంటాడు.

అంతకు రెండేళ్ల ముందే, 2009లో, కాలిఫోర్నియాలోని మెండొసీనో ప్రాంతం నుంచి 'వైన్స్ దట్ రాక్' అనే వరస బయల్దేరింది. పింక్ ఫ్లాయిడ్ 1973లో చేసిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'కి ఒక సీసా, రోలింగ్ స్టోన్స్ 'ఫార్టీ లిక్స్'కి ఇంకో సీసా, వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి మరో సీసా... ఇలా ఆల్బమ్‌కో వైన్ చొప్పున తయారుచేశారు. ఫలానా పాటలు వింటుంటే నోట్లో ఏ రుచి మెదులుతుందో ఊహించి దానికి తగ్గట్టు వైన్‌ను కూర్చడం తమ పద్ధతి అన్నారు వాళ్లు.

2013లో ఇంగ్లండ్‌కి చెందిన ఐరన్ మెయిడెన్ బృందం 'ట్రూపర్' పేరుతో బీరు తెచ్చింది. అది వాళ్ల పాట పేరే. గాయకుడు బ్రూస్ డికిన్సన్ స్వయంగా రాబిన్సన్స్ బ్రూవరీ వాళ్లతో కూర్చుని దాని రుచి తేల్చాడు. మరో గాయకుడు స్టింగ్‌ది ఇంకో దారి. 1997లో ఇటలీలోని టస్కనీలో భార్యతో కలిసి పెద్ద ఎస్టేటే కొన్నాడు. అక్కడి ద్రాక్షతో చేసిన వైన్లకు తన పాటల పేర్లే పెట్టాడు. 'మెసేజ్ ఇన్ ఎ బాటిల్' అనే పాట రాసినవాడికి సీసా మీద ఏ పేరు పెట్టాలో వేరే చెప్పాలా!

వీళ్లలో పేరు అద్దెకిచ్చినవాళ్లే ఎక్కువ. టూల్ బృందం గాయకుడు మేనార్డ్ జేమ్స్ కీనన్ లాంటివాళ్లు మాత్రం నిజంగానే మట్టిలో చేతులు పెట్టారు. ఆయన అమెరికాలోని ఎడారి రాష్ట్రం అరిజోనాలో ద్రాక్షతోట వేసి వైన్ చేస్తున్నాడు. ఆ తంటాల మీద 2010లో ఓ డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

డౌన్‌లోడ్ కానిదేముంది?

ఇంతకీ పాటగాళ్లకు సీసాల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చినట్టు? సమాధానం సంగీతంలో లేదు, లెక్కల పుస్తకంలో ఉంది.

1999లో అమెరికాలో రికార్డు చేసిన సంగీతం మీద వచ్చిన ఆదాయం దాదాపు 1,460 కోట్ల డాలర్లు. సీడీలకు అది స్వర్ణయుగం. సరిగ్గా అదే ఏడాది నాప్‌స్టర్ వచ్చింది. ఇంటర్నెట్టుంటే చాలు, పాట ఊరికే దొరకడం మొదలైంది. 2014కల్లా ఆ ఆదాయం సగానికన్నా కిందికి జారిపోయింది. ఆ తర్వాత స్ట్రీమింగ్ వచ్చి కంపెనీలు తేరుకున్నాయిగానీ, ఒక్కో పాట వినగానే గాయకుడి చేతికి వచ్చేది చిల్లరే.

దాంతో ఒక ప్రశ్న ముందుకొచ్చింది. పాటని కాపీ చేయొచ్చు. అట్టని కాపీ చేయొచ్చు. కాపీ చేయలేనిది ఏమిటి? టీషర్టు, కచేరీ టికెట్టు... ఆ వరసలోనే వైన్ సీసా. దాన్ని డౌన్‌లోడ్ చేసుకోలేరు కదా! పైగా వైన్‌కి ఇంకో సుగుణం ఉంది. అది ఏ సంవత్సరం పంట అన్నది సీసా మీదే రాసి ఉంటుంది. ఆల్బమ్‌కీ ఓ సంవత్సరం ఉంటుంది. రెండూ పాతబడేకొద్దీ విలువ పెరుగుతుందని నమ్మేవాళ్లున్నారు. ఆ నమ్మకమే ఇక్కడ సరుకు.

అంటే అక్కడ పాట అమ్ముడుపోక సీసాని తోడు తెచ్చుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన దేశానికొచ్చేసరికి సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది.

నాలుక్కి చెవులుంటాయా?

పాటని బట్టి వైన్ రుచి మారుతుందనేది ఒట్టి అమ్మకపు మాట అని కొట్టిపారేయడానికీ లేదు. ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఏడ్రియన్ నార్త్ దీని మీద ఒక ప్రయోగం చేశాడు. 250 మందికి గ్లాసులో వైన్ ఇచ్చాడు. కొందరికి గంభీరమైన బృందగానం వినిపించాడు, కొందరికి సున్నితమైన వాల్ట్జ్, కొందరికి హుషారు పాట, ఇంకొందరికి మెత్తని నిదానపు సంగీతం. కొందరికి ఏ సంగీతమూ లేదు.

వైన్ ఒకటే. కానీ గంభీరమైన సంగీతం విన్నవాళ్లు అది 'బరువుగా, ఘాటుగా' ఉందన్నారు. హుషారు పాట విన్నవాళ్లు 'తాజాగా, చురుగ్గా' ఉందన్నారు. సంగీతం ఏ గుణాన్ని పలికితే నాలుక అదే గుణాన్ని పట్టుకుంది. 2012లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీలో ఈ ఫలితాలు వచ్చాయి.

అంతకుముందు 1990ల్లో ఆయనే సహచరులతో కలిసి ఇంగ్లండ్‌లోని ఓ సూపర్‌మార్కెట్లో ఇంకో చిత్రం చూశాడు. అల్మరా దగ్గర ఫ్రెంచి సంగీతం పెట్టిన రోజుల్లో ఫ్రెంచి వైన్ ఎక్కువగా అమ్ముడైంది. జర్మన్ సంగీతం పెట్టిన రోజుల్లో జర్మన్ వైన్ అమ్మకం పెరిగింది. మీరు ఆ వైన్ ఎందుకు కొన్నారని అడిగితే సంగీతం వల్లేనని చెప్పినవాళ్లు బహు కొద్దిమంది. పాట చెవిలోంచి దూరి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లినా మనిషికి తెలియలేదన్నమాట. ఈ సంగతి మద్యం కంపెనీలకు ప్రయోగాలు అక్కర్లేకుండానే ఎప్పుడో తెలుసు.

మన దగ్గర తల్లకిందులు

భారతదేశంలో మద్యం అమ్మొచ్చు, ప్రకటించకూడదు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలు మద్యం ప్రకటనలను నిషేధించాయి. 2000లో వాటిని ఇంకాస్త బిగించి, నేరుగానే కాదు, చాటుగా కూడా ప్రోత్సహించకూడదన్నారు. మరి కోట్లు ఖర్చుపెట్టి నిలబెట్టుకున్న బ్రాండు పేరు జనం నోట్లో నానేదెలా? కంపెనీల బుర్రలు పాదరసంలా పనిచేశాయి. అదే పేరుతో సోడా వచ్చింది, మంచినీళ్ల సీసా వచ్చింది, పేకముక్కలొచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువగా... మ్యూజిక్ సీడీలొచ్చాయి!

గుర్తుందా? టీవీలో ఓ చిన్న కథ నడుస్తుంది. లిఫ్టులోనో ఆఫీసులోనో మగాడి బలహీనత మీద ఓ చమత్కారం. చివర్లో గజల్ లాంటి ఓ రాగం. కంపెనీ పేరు తెర మీద మెరుస్తుంది. ఆ వెంటనే ఓ గొంతు గబగబా అంటుంది: మ్యూజిక్ సీడీస్ అని. సీగ్రామ్స్ ఇంపీరియల్ బ్లూ ప్రకటనలంటే ఇదే. ప్రకటన చూసి నవ్వుకున్నవాళ్లు కోట్లమంది. ఆ సీడీ కొని ఇంట్లో పాటలు విన్నవాళ్లు మీ వీధిలో ఎవరైనా ఉన్నారేమో ఓసారి ఆలోచించండి!

అన్నీ ఉత్తుత్తివేనంటే అన్యాయమవుతుంది. బకార్డీ వాళ్లు 'బకార్డీ బ్లాస్ట్' పేరుతో పార్టీలు పెట్టి, ఆ పేరుతో పాటల ఆల్బమ్‌లూ తెచ్చారు. రాయల్ స్టాగ్ పేరుతో మెగా మ్యూజిక్ వచ్చింది. కానీ కొలమానం ఒకటుంది. సరుకు అమ్ముడుపోవడం కోసం ప్రకటనా, ప్రకటన ఇవ్వడం కోసం సరుకా? ఇళ్లల్లో సీడీ ప్లేయర్లు అటకెక్కి, పాట సెల్‌ఫోన్లోకి వచ్చేశాక కూడా 'మ్యూజిక్ సీడీస్' ప్రకటనలు ఆగలేదంటే జవాబు దొరికినట్టే.

2002లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ఇలాంటి కొన్ని ప్రకటనలను ఆపేయమని ఛానళ్లకు చెప్పింది. కొన్నాళ్లు తగ్గినట్టు తగ్గి మళ్లీ వచ్చాయి. 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చి, ఒక సరుకును చూపిస్తూ నిషేధమున్న మరో సరుకును గుర్తుచేసే చాటు ప్రకటనలు కుదరవని స్పష్టంగా చెప్పింది. అయినా వేలంవెర్రి తగ్గని క్రికెట్ మ్యాచ్‌ల మధ్యలో సోడాలూ మంచినీళ్లూ ఇంకా దర్శనమిస్తూనే ఉన్నాయి.

అక్కడ పాట అమ్ముడుపోక సీసా వచ్చింది. ఇక్కడ సీసాని చూపించలేక పాట వచ్చింది. అక్కడ కనీసం పాటగాడికి నాలుగు డాలర్లు మిగిలాయి. ఇక్కడ పాట ఉత్త ముసుగు. ఇదే సమయంలో నిజమైన సీడీ ఏమైందో తెలుసు కదా. తెలుగు సినిమా ఆడియో ఫంక్షన్లో ముఖ్య అతిథి రంగుకాగితం చించి తొలి సీడీని పైకెత్తి చూపించడం ఓ వేడుక. అది పోయి ప్రీ రిలీజ్ ఈవెంటు వచ్చింది. సీడీలు అమ్మి బతికిన కొట్లు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాయి. నిజం సీడీ చచ్చిపోయింది, అబద్ధం సీడీ బతికింది!

పానశాల జిల్లాలోనే దూబగుంట

చట్టం ఎందుకింత గట్టిగా ఉందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యనిషేధం వైపు అడుగులేయమని ప్రభుత్వాలకు చెబుతుంది. అది కాగితం మీది మాట. దానికి ప్రాణం పోసింది నెల్లూరు జిల్లా పల్లె ఆడవాళ్లు.

1990ల ఆరంభంలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నెల్లూరు ఊళ్లలో తిరిగింది. కళాజాతాలు పాటలు పాడాయి, వీధి నాటకాలు వేశాయి. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో చదువుకున్న పాఠాల్లో తమ ఇంటి కథే కనిపించింది. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టును మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. తర్వాతి కథ తెలిసిందే. వైన్స్, పర్మిట్ రూములు, బెల్టు షాపులు.

చిత్రం ఏమిటంటే, తెలుగులో మధువు మీద అందమైన కావ్యం పుట్టింది కూడా నెల్లూరు గడ్డ మీదే. కవికోకిల దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని, ఒమర్ ఖయ్యాం రుబాయీలను నేరుగా తెలుగులోకి తెచ్చి 'పానశాల' అని పేరు పెట్టాడు. అదే జిల్లాలో కవి పానశాల కట్టాడు, ఆడవాళ్లు సారాకొట్టు కూల్చారు. ఈ రెంటికీ వైరం లేదు. కవి గ్లాసులో ఉన్నది ఒకటి, కూలివాడి కడుపులో పడ్డది ఇంకొకటి. ఆ తేడాను చెరిపేయడమే వ్యాపారం చేసే పని.

ఖయ్యాంకి ఆ గతి కూడా పట్టింది. 1980ల్లో మహారాష్ట్రలోని నారాయణగావ్ నుంచి ఇండేజ్ సంస్థ ఫ్రెంచి నిపుణుల సాయంతో బుడగలు చిమ్మే వైన్ తయారుచేసి విదేశాలకు పంపింది. దానికి పెట్టిన పేరు... 'ఒమర్ ఖయ్యాం'! కవిని సీసాలో దించడమంటే ఇదే.

వైన్, సంగీతం పక్కపక్కన బాహాటంగా కూర్చున్న చోటు మన దేశంలో నాసిక్. అక్కడి సులా సంస్థ 2008లో తన ద్రాక్షతోటలోనే సంగీతోత్సవం మొదలుపెట్టింది. 2020 తర్వాత కొన్నేళ్లు ఆగిన ఆ సులాఫెస్ట్ 2025లో మళ్లీ జరిగింది. మరి ద్రాక్షకు పేరుపొందిన హైదరాబాద్‌కి ఆ యోగం ఎందుకు పట్టలేదు?

రాజుగారి ద్రాక్ష

హైదరాబాద్ ద్రాక్ష పేరు అనాబ్-ఎ-షాహి. అనాబ్ అంటే ద్రాక్ష. షాహి అంటే రాజులది. 1890లో అబ్దుల్ బాఖర్ ఖాన్ దీన్ని ఈ నగరంలో నాటి పెంచాడని ఉద్యాన శాస్త్రవేత్తలు రాశారు. పెద్ద గుత్తి, లేత పసుపు కలిసిన ఆకుపచ్చ పండు, నోట్లో వేసుకుంటే నీరు. పందిరి మీద పాకించి, వేరుకు నీరందిస్తే ఎకరాకు ఇది ఇచ్చినంత కాపు ఇచ్చే ద్రాక్ష ప్రపంచంలోనే తక్కువని పేరు తెచ్చుకుంది. నగరం చుట్టూ రంగారెడ్డి జిల్లాలో, ముఖ్యంగా మేడ్చల్ వైపు, ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే ఉండేవి. వేసవి వస్తే బండ్ల మీద గుత్తులు గుత్తులుగా ఆ పండే.

కానీ అది తినే పండు. వైన్‌కి కావాల్సింది చిన్న గింజ, మందం తోలు, చిక్కటి తీపి, దానికి సరిపడా పులుపు. అనాబ్-ఎ-షాహిలో నీరెక్కువ, తీపి తక్కువ. అందుకే ఇది బుట్టకెక్కిందిగానీ పీపాలో దిగలేదు. తర్వాత మహారాష్ట్ర నుంచి గింజలేని థామ్సన్ రకం వచ్చి మార్కెట్ పట్టేసింది. భూగర్భ జలం అడుగంటింది. అన్నిటికన్నా ముఖ్యంగా, నగరం చుట్టూ భూమికి రెక్కలొచ్చాయి. ఎకరం తోట మీద ఏడాదికి వచ్చే లాభం ఎంతైనా, దాన్ని ప్లాట్లు చేస్తే వచ్చే డబ్బు ముందు దిగదుడుపే. పందిళ్లు పోయి పిల్లర్లు లేచాయి.

తార్నాక పేరులో కూడా ఓ తోట దాగి ఉంది. తార్ అంటే తీగ. నాకా అంటే చౌకీ. నిజాం కాలంలో ఇక్కడో తోటకు ముళ్లతీగ కంచె ఉండేదనీ, దాని దగ్గర కాపలా చౌకీ ఉండేదనీ, అందుకే తార్నాకా అయ్యిందనీ పాతవాళ్లు చెబుతారు. ఇప్పుడు తోటా లేదు, కంచే లేదు. పైన మెట్రో రైలు, కింద ట్రాఫిక్కు. పేరు మాత్రం మిగిలింది.

తోట ఆమెది... పాటా ఆమెదే!

తార్నాక నుంచి యూనివర్సిటీ గేటు దాటి లోపలికి నడిస్తే నగరం చప్పుడు సగం తగ్గిపోతుంది. ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్లే ఆ రోడ్ల మీద నడిచినవాళ్లలో ఎందరో కవులు. ఇక్కడే చదివిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో ఎర్రజెండానూ ప్రేమనూ కలిపి పాడాడు. ఇక్కడే డిగ్రీ చేసిన దాశరథి మీర్జా గాలిబ్‌ను 'గాలిబ్ గీతాలు'గా తెలుగువాళ్ల ఇంటికి తెచ్చాడు. ఇక్కడే తెలుగు పాఠాలు చెప్పిన సి.నారాయణరెడ్డి తెలుగులోనే గజళ్లు రాసి, తానే పాడాడు. ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పడానికి 1917లో ఫర్మానాతో పుట్టిన యూనివర్సిటీలో ఇది సహజమే అనుకుంటాం.

కానీ ఈ నేలకు గజల్ వాసన యూనివర్సిటీ కన్నా ముందే ఉంది. అడిక్‌మెట్ అనే ఈ ప్రాంతం ఒకప్పుడు మహలఖాబాయి చందా జాగీరు. 1768లో పుట్టిన చందా నాట్యగత్తె, గాయని, కవయిత్రి. తాన్‌సేన్ పరంపరకు చెందిన ఖుషాల్ ఖాన్ దగ్గర సంగీతం నేర్చుకుంది. రెండో నిజాం ఆలీఖాన్ ఆమెకు మహలఖా అనే బిరుదిచ్చాడు. చంద్రవదన అని అర్థం. బిరుదుతోపాటు భూములిచ్చాడు, అమీర్ల వరసలో చోటిచ్చాడు. వేటకీ యుద్ధానికీ వెళ్లేటప్పుడు ఆమె కూడా మగవేషంలో గుర్రమెక్కి వెంట వెళ్లేదని చరిత్రకారులు రాశారు. తన కాలపు దక్కన్ చరిత్రను గులాం హుసేన్ జౌహర్ చేత రాయించింది కూడా ఆమే. ఆ పుస్తకం పేరు 'మాహ్‌నామా'.

ఆమె గజళ్లన్నీ కలిపి ఒక దివాన్ అయ్యాయి. ఉర్దూలో సొంత దివాన్ ఉన్న తొలి కవయిత్రుల్లో ఆమె ఒకరు. ఆ దివాన్ బయటి ప్రపంచం చేతికి వెళ్లిన తీరు చూడండి. 1799 అక్టోబరు 18. ఓ మెహఫిల్. ప్రధాన నర్తకి చందాయే. ఎదుట కూర్చున్నవాళ్లలో ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కం. ఆట సాగుతుండగానే చందా తన గజళ్ల రాతప్రతిని ఆయనకు నజరానాగా అందించింది. ఆ సంగతిని ఆ పుస్తకంలోనే తేదీతో సహా రాసిపెట్టారు.

ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అది ఆల్బమ్ రిలీజ్. పాటలు తనవి, గొంతు తనది, ఆట తనది, కానుకగా ఇచ్చిన ప్రతి కూడా తనదే. మధ్యలో కంపెనీ లేదు, ప్రాయోజకుడు లేడు. ఇచ్చింది మాత్రం కంపెనీ మనిషికి! అప్పటికి ఐదారు నెలల కిందటే శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ నేలకొరిగాడు. దక్కన్‌లో గాలి ఎటు మళ్లుతోందో ఆమెకు తెలియదనుకోలేం. ఆ నజరానా కళాకారిణి ఆత్మవిశ్వాసమా, రాజకీయ తెలివా అని పండితులు ఇప్పటికీ తర్కిస్తున్నారు.

సాకీ ఎవరు?

మరి మధువు సంగతి? గజల్‌లో మధువు లేకుండా ఎలా! మై, సాకీ, జామ్, మైఖానా... ఇవి లేని దివాన్ ఉండదు. అంతమాత్రాన కవులంతా తాగుబోతులని కాదు. గజల్ సంప్రదాయంలో మధువు ప్రేమకు గుర్తు, మైమరపుకు గుర్తు. పోసేవాడు సాకీ. ఆ సాకీ ప్రియుడు కావచ్చు, గురువు కావచ్చు, దేవుడే కావచ్చు.

చందా విషయంలో ఇది ఇంకా స్పష్టం. ఆమెకు హజ్రత్ అలీ అంటే ప్రాణం. తన గజళ్లకు ఆయన ప్రస్తావనతోనే ముగింపు పలుకుతుంది. షియా భక్తి సంప్రదాయంలో స్వర్గంలోని కౌసర్ జలాన్ని పంచే సాకీ కూడా అలీయే. అంటే మొదటి పాదాల్లో మెహఫిల్‌లో తిరిగిన గిన్నె ఆఖరికి వచ్చేసరికి తీర్థమైపోతుంది. సిరాజ్ ఔరంగాబాదీనీ చందానూ పక్కపక్కన పెట్టి స్కాట్ కుగ్లే 2016లో ఇంగ్లిషులో రాసిన పుస్తకంలో ఈ శృంగార భక్తుల ముడిని వివరంగా విప్పాడు.

సీసా లేకుండా మత్తు, తాగకుండా మైమరపు. ఇదీ ఆమె కూర్చిన జోడీ.

1824లో చందా కన్నుమూసింది. తార్నాక నుంచి లాలాపేట మీదుగా వెళ్తే మౌలాలి గుట్ట వస్తుంది. దాని పాదాల దగ్గర, తల్లి రాజ్ కున్వర్ బాయి పక్కనే ఆమె సమాధి. చాలాకాలం చెత్తా చెదారం మధ్య ఉన్న ఆ కట్టడాన్ని అమెరికా ప్రభుత్వ సాంస్కృతిక పరిరక్షణ నిధి సాయంతో 2010-11లో బాగుచేశారు. ఆమె తవ్వించిన మెట్లబావి యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది. పక్కనే పాఠాలు వినే వేలమంది విద్యార్థుల్లో చాలామందికి అదెవరి బావో తెలియదు. ఈమధ్య దాన్ని బాగుచేసే ప్రయత్నాలు మొదలవడం కాస్త ఊరట.

ఇప్పుడు పాడేవాళ్లకి...

ఇవాళ హైదరాబాద్‌లో సొంతంగా పాటలు కట్టి, సొంత గొంతుతో పాడి, యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లు బోలెడుమంది. క్యాంపస్ ఫెస్టుల్లో, కేఫ్‌లలో వాళ్లకు చప్పట్లు దొరుకుతున్నాయి, డబ్బు దొరకడం లేదు. అలాంటివాళ్లకు మద్యం కంపెనీ స్పాన్సర్‌షిప్ ఎండలో నీడలా కనిపిస్తుంది. వేదిక ఇస్తారు, లైట్లిస్తారు, పారితోషికమిస్తారు. బదులుగా అడిగేది వేదిక వెనక ఓ పేరు మాత్రమే. ఆ పేరు పక్కన 'మ్యూజిక్' అనో 'సోడా' అనో ఉంటుంది.

ఇందులో కష్టమేమిటో తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గోడలకు తెలుసు. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చిన ఆ సంస్థ ఏది తినాలో, ఏది మానాలో దేశానికి చెబుతూ వస్తోంది. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి ముప్పు లేదని చెప్పగలిగే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చిచెప్పింది. ఆర్నెల్ల పంటను ఓ సాయంత్రం చప్పరించే టస్కనీ లెక్క వేరు, కూలి డబ్బులు చేతిలో పడగానే క్వార్టర్ కొనే లెక్క వేరు. దూబగుంట ఆడవాళ్లు రెండో లెక్క చూసినవాళ్లు. అందుకే అక్కడి ముచ్చట ఇక్కడ అచ్చంగా దిగదు.

కానీ విదేశీ బ్యాండ్ల దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం ఒకటి ఉంది. పాటతోపాటు చేత్తో పట్టుకునేదేదో ఒకటి ఉంటే అభిమాని దాన్ని దాచుకుంటాడు. అది సీసాయే కానక్కర్లేదు. గ్రామఫోన్ రికార్డు మళ్లీ అచ్చవుతోంది. చేత్తో రాసిన పాటల పుస్తకం కావచ్చు, పోచంపల్లి గుడ్డ కట్టిన అట్ట కావచ్చు, చేర్యాల బొమ్మ కావచ్చు. పాటగాడి పేరుతో అమ్మే వస్తువు మీద పాటగాడి పేరే ఉండాలి, అంతే.

టీవీలో ఏళ్ల తరబడి మోగిన ఆ మ్యూజిక్ సీడీల్లో ఒకటి కావాలంటే ఇవాళ వెతికి పట్టుకోవడం కష్టం. మెహఫిల్ మధ్యలో చేతులు మారిన చందా రాతప్రతి మాత్రం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో చెక్కుచెదరకుండా ఉంది. ఎవరైనా వెళ్లి అడిగితే చూడొచ్చు. రెండు శతాబ్దాలు దాటినా నిలిచిన ఆ స్పెషల్ ఎడిషన్‌కి తోడుగా ఏ సీసా రాలేదు.